పత్రికలకు ర్యాంకులు: చిన్న శాస్త్రశాఖల ఎదురుమాట

1. పరిచయం

విమర్శ అనగానే మనకు కావ్యం, నవల, కథ గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో విమర్శకు తీసుకున్న రచన వాటిలో ఏదీ కాదు. అది ఒక సంపాదకీయం. సంతకాలతో కలిపి నాలుగైదు పేజీలు ఉంటుంది. 2009 ఆరంభంలో విజ్ఞానశాస్త్ర చరిత్ర, సాంకేతిక చరిత్ర, వైద్య చరిత్ర రంగాల పరిశోధన పత్రికలు ఒకే పాఠాన్ని తమ తమ సంచికల్లో అచ్చు వేశాయి. దాని ఇంగ్లీషు శీర్షికను మనం 'ముప్పులో పత్రికలు' అని చెప్పుకోవచ్చు. పదులకొద్దీ సంపాదకులు దాని కింద పేర్లు పెట్టారు. తమ పత్రికలకు ఎ, బి, సి అని ర్యాంకులు వేసిన జాబితాతో తమకు సంబంధం లేదనీ, అందులోంచి తమ పత్రికల పేర్లు తీసివేయమని కోరామనీ ప్రకటించారు.

మార్కులు ఇంకొన్ని వేయండని అడిగేవాళ్లను మనం రోజూ చూస్తాం. మార్కుల పట్టికలోంచి నా పేరే కొట్టెయ్యండని అడిగేవాళ్లు అరుదు. వాళ్లు అలా ఎందుకు అడిగారు, అందులో న్యాయం ఎంత, వాళ్ల వాదం ఎక్కడ ఆగిపోయింది అన్నవి ఇక్కడ చూస్తాం. చివరి భాగంలో ఇదే సమస్య తెలుగు పరిశోధనకు ఏ రూపంలో ఎదురైందో పరిశీలిస్తాం.

డిగ్రీ చదివేవాళ్లకు ఈ గొడవ ఎందుకని మీకు అనిపించవచ్చు. మీలో కొందరు ఎం.ఎ. చేస్తారు, కొందరు పరిశోధనలోకి వెళతారు, కొందరు కాలేజీల్లో పాఠాలు చెబుతారు. మీరు మొదటి వ్యాసం అచ్చు వేయించుకున్న రోజున, 'ఏం రాశావు?' అన్న ప్రశ్న కంటే ముందు 'పత్రిక లిస్టులో ఉందా?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ రెండో ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే దానికి తలవంచడమే మిగులుతుంది.

'చిన్న శాస్త్రశాఖ' అన్న మాటను కూడా ఇక్కడే స్పష్టం చేసుకుందాం. చిన్నది అంటే విలువ తక్కువది అని కాదు. పనిచేసే మనుషులు తక్కువ అని. ద్రావిడ భాషాశాస్త్రం, శాసన పరిశోధన, తాళపత్ర గ్రంథాల పరిష్కరణ, విజ్ఞానశాస్త్ర చరిత్ర ఇలాంటివి. ఇలాంటి శాఖలో వ్యాసం రాసేవాడు, దాన్ని సమీక్షించేవాడు, పత్రిక నడిపేవాడు, చివరికి చదివేవాడు కూడా ఆ కొద్దిమందిలో వాడే. పత్రికలు ఒకటో రెండో ఉంటాయి. వి.ఐ. సుబ్రహ్మణ్యం గారి పూనికతో 1972లో తిరువనంతపురం నుంచి మొదలైన 'ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ద్రవిడియన్ లింగ్విస్టిక్స్' అలాంటిది. అలాంటి పత్రిక ఒక్కటి ఆగిపోతే ఆ శాఖకు మాట్లాడుకునే రచ్చబండే పోతుంది. పెద్ద శాఖలో పత్రిక మూతపడితే రచయిత పక్క పత్రికకు పోతాడు. చిన్న శాఖలో పక్క పత్రిక ఉండదు. ఈ తేడాను గుర్తు పెట్టుకుని ముందుకు చదవండి.

2. అంకె పుట్టుక

పత్రికలను అంకెతో తూచే పద్ధతి గ్రంథాలయ అవసరం నుంచి పుట్టింది. అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. ఒక వ్యాసాన్ని తరవాత ఏ ఏ వ్యాసాలు ఉదాహరించాయో సూచిక తయారు చేస్తే, ఒక ఆలోచన ఎటు ప్రయాణించిందో పట్టుకోవచ్చు అన్నది ఆ ఆలోచన. 1964లో ఫిలడెల్ఫియా నుంచి 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' వెలువడింది. సూచికలో ఏ పత్రికలను చేర్చాలి, గ్రంథాలయం ఏ పత్రికలకు చందా కట్టాలి అన్నది తేల్చుకోవడానికి 'ఇంపాక్ట్ ఫాక్టర్' అనే లెక్క అక్కరకు వచ్చింది. అప్పటికి అది అలమార నింపుకునే లెక్క. అధ్యాపకుడి పదోన్నతికి ముడిపెట్టడం తరవాతి కాలపు పని.

లెక్క చాలా సులువు. ఒక పత్రికలో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది అందరూ కలిసి ఎన్నిసార్లు ఉదాహరించారో లెక్కించి, ఆ రెండేళ్ల వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. ఊహకు ఒక చిన్న పత్రికను తీసుకోండి. ఏడాదికి 20 వ్యాసాలు, రెండేళ్లకు 40. ఈ ఏడాది వాటిని 12 సార్లు ఉదాహరించారు. ఫలితం 0.3. ఇప్పుడు ఎవరో ఒకరు ఆ రంగంపై పెద్ద వ్యాసం రాస్తూ వాటిని మరో 8 సార్లు పేర్కొన్నారనుకుందాం. ఫలితం 0.5 అవుతుంది. ఒక్క మనిషి ఒక్క వ్యాసంతో పత్రిక 'ప్రభావం' మూడింట రెండు వంతులు పెరిగింది. రెండేళ్లలో 2,000 వ్యాసాలు వేసే వైద్య పత్రికలో ఆ 8 ఉల్లేఖనలు కంటికి కూడా కనిపించవు. అంటే చిన్న శాఖలో ఈ అంకె పత్రిక గుణాన్ని కాక, ఆ ఏడు ఎవరు ఏం రాశారన్న యాదృచ్ఛికతను చూపిస్తుంది.

రెండేళ్ల గడువు సంగతి మరీ విచిత్రం. గిడుగు రామమూర్తి పంతులు గారి సవర భాషా వ్యాకరణం 1931లో వచ్చింది. సవర మీద పనిచేసే భాషాశాస్త్రజ్ఞులకు నేటికీ దానితో పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణగా వచ్చింది. కాడి, మేడి, నాగలి భాగాల పేర్లు ఏ జిల్లాలో ఏమంటారో తెలియాలంటే ఇప్పటికీ దాన్నే తెరుస్తాం. పైగా ఆ రెండూ పుస్తకాలు, పత్రికా వ్యాసాలు కావు. ఇంపాక్ట్ ఫాక్టర్ లెక్కలో వాటికి చోటే లేదు.

మానవీయ శాస్త్రాలకు ఈ అంకె అతకదని ఆ లెక్క కట్టే సంస్థలకూ తెలుసు. కళలు, మానవీయ శాస్త్రాల సూచికలోని పత్రికలకు 2023 వరకూ ఇంపాక్ట్ ఫాక్టర్ ఇవ్వలేదు. అంకె కుదరని చోట పాలకులు అక్షరాన్ని వెతుక్కున్నారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి: మీ అధ్యయన కేంద్రం గ్రంథాలయంలో పదేళ్లకు పైబడిన పుస్తకాల్లో మీ పాఠాలకు ఇప్పటికీ పనికివస్తున్నవి ఎన్ని? వాటిలో గత రెండేళ్లలో వచ్చినవి ఎన్ని?

3. యూరపు జాబితా

స్ట్రాస్‌బర్గ్ కేంద్రంగా ఉన్న యూరోపియన్ సైన్స్ ఫౌండేషన్ మానవీయ శాస్త్రాల పత్రికలకు ఒక జాబితా తయారుచేసింది. దాన్ని 'ఎరిహ్' అని పొట్టిపేరుతో పిలిచేవారు. 2007 నుంచి శాస్త్రాల వారీగా తొలి జాబితాలు బయటికి వచ్చాయి. ఒక్కో శాస్త్రానికి కొద్దిమంది నిపుణులతో ఒక సంఘం. ఆ సంఘం పత్రికలను ఎ, బి, సి అని విడదీసింది. అంతర్జాతీయంగా బాగా పేరున్నవి ఎ. అంతర్జాతీయంగా చదివేవే, కాని ఆ స్థాయి పేరు లేనివి బి. ప్రాంతీయ, స్థానిక ప్రాముఖ్యం ఉన్నవి సి.

నిజానికి దీన్ని మొదలుపెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే. అమెరికా సూచికల్లో యూరపు భాషల పత్రికలు కనిపించడం లేదు, వాటిని వెలుగులోకి తేవాలి అన్నది వారి మాట. ఎ, బి, సి అనేవి నాణ్యతకు మెట్లు కావనీ, పాఠకవర్గం ఎలాంటిదో చెప్పే గుర్తులు మాత్రమేననీ కూడా వారు అన్నారు. కాని ఎ, బి, సి అని రాసి, ఇవి మెట్లు కావంటే ఎవరు నమ్ముతారు? మన ఊళ్లో సినిమా హాలుకు బెంచీ, కుర్చీ, బాల్కనీ అని పెట్టి, ఇది గౌరవానికి సంబంధించిన తేడా కాదు, దూరానికి సంబంధించినది మాత్రమే అని చెప్పినట్టు ఉంటుంది. ఏ విశ్వవిద్యాలయ పాలకుడి బల్ల మీదికి వెళ్లినా ఆ అక్షరాలు మార్కులుగానే చదువుకుంటారు. బ్రిటిష్ అకాడమీ కూడా 2007లోనే ఈ జాబితాను కొలమానాలు తయారుచేయడానికి నమ్మకమైన ఆధారంగా తీసుకోలేమని చెప్పింది.

ఈ దశలో విజ్ఞానశాస్త్ర చరిత్ర పత్రికల సంపాదకులు కలిశారు. వాళ్ల సంపాదకీయం మొదలయ్యేదే కొలతల కాలం మీద విసురుతో. ప్రతిదాన్నీ ఒకే అచ్చులో పోసి, లెక్కగట్టి, ఆడిట్ చేసే అలవాటు ఇప్పుడు చదువుల మీదికీ వచ్చిందని అంటారు. తరవాత అసలు వాదం. దాన్ని నా మాటల్లో చెబుతాను.

పత్రికలు ఒకే రకం కావు. కొన్ని అందరికీ, కొన్ని ఒక చిన్న ప్రశ్న మీద పనిచేసే కొద్దిమందికీ. పాఠకులు ఎక్కడివాళ్లు, ఎంతమంది అన్నదాన్ని బట్టి లోపలి వ్యాసం మంచిదో చెడ్డదో తేలదు. ఈ జాబితా 'అంతర్జాతీయం' అన్న మాటను 'మేలైనది' అన్న మాటతో కలగాపులగం చేసింది. అందువల్ల ఇంగ్లీషు కాని భాషల పత్రికలకూ, ప్రత్యేక విషయాల పత్రికలకూ అన్యాయం జరుగుతుంది. గొప్ప పని ఏ పత్రికలోనైనా, ఏ భాషలోనైనా రావచ్చు. నిజంగా కొత్తది చాలాసార్లు అంచుల నుంచే వస్తుంది. జాబితా తయారుచేసిన సంఘాలు చిన్నవి, రంగమంతటికీ ప్రతినిధులు కావు, వాళ్లను ఎవరు ఎంచుకున్నారో, పత్రికలను ఎలా చదివారో బయటికి తెలియదు. ఇలాంటి అక్షరాలను నిధులిచ్చే సంస్థలు కొలతగా తీసుకుంటే రచయితలు పై తరగతి పత్రికలకే పరుగెత్తుతారు. మిగిలినవి ఎండిపోతాయి. వైవిధ్యం పోయి శాఖ బక్కచిక్కుతుంది.

ఆఖరి పేరాలో స్వరం మారుతుంది. వాదన ఆగి తీర్మానం వస్తుంది. ఈ కసరత్తులో మాకు భాగం వద్దు, జాబితా నుంచి మా పేర్లు తీసివేయమని కోరాం అని ముగుస్తుంది.

4. సంపాదకీయం బలం, బలహీనత

ఈ రచనకు అసలు బలం వాదంలో కంటే సంతకాల పట్టికలో ఉంది. జార్జ్ సార్టన్ 1912లో స్థాపించిన 'ఐసిస్' అందులో ఉంది. ఏ ర్యాంకు వేసినా పై మెట్టు మీద కూర్చోగల పత్రిక అది. అప్పట్లో లండన్ నుంచి వచ్చిన 'మెడికల్ హిస్టరీ' ఉంది. ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ పత్రికలు ఉన్నాయి. స్వీడన్‌కు చెందిన 'లిక్నోస్' ఉంది. మన ఢిల్లీ నుంచి భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ప్రచురించే 'ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్' కూడా ఉంది. సి వచ్చినవాళ్లు మాత్రమే గొంతెత్తితే, అందని ద్రాక్ష పుల్లన అంటారు. ఎ వచ్చే అవకాశం ఉన్నవాళ్లు కూడా వద్దన్నారు కాబట్టి ఎదుటివారికి ఆ సామెత వాడే వీలు లేకపోయింది. పెద్ద పత్రిక తన లాభాన్ని వదులుకుని చిన్న పత్రిక పక్కన నిలబడటం చదువుల లోకంలో తరచు జరిగేది కాదు.

రెండో బలం, ఈ శాఖ స్వభావం. విజ్ఞానశాస్త్ర చరిత్రకారులు వృత్తిరీత్యా చదివేదే కొలతలు ఎలా పుడతాయి, ప్రమాణాలను ఎవరు నిర్ణయిస్తారు, ఒక కొలమానం తాను కొలిచే వస్తువునే ఎలా మార్చేస్తుంది అన్న విషయాలు. థర్మామీటరు చరిత్ర రాసేవాడికి తన నోట్లో థర్మామీటరు పెడితే ఊరుకుంటాడా?

ఇక బలహీనతలు. నా దృష్టిలో ఇవి చిన్నవి కావు.

ర్యాంకులు వద్దన్న తరవాత ఏం కావాలో సంపాదకీయం చెప్పలేదు. రెండు ఉద్యోగాలకు రెండు వందల దరఖాస్తులు వస్తే, ఎంపిక చేసేవాళ్లు ఏం చూడాలి? వ్యాసాలు చదవండి అన్నది నిజాయితీ గల జవాబు. ఎవరు చదవాలి, ఎంత చదవాలి, చదివినట్టు రుజువేమిటి అన్న ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. సంపాదకీయం అక్కడికి రాకుండానే ఆగిపోయింది.

మరొకటి. పత్రికలు తమ సొంత సమీక్షా పద్ధతిని ప్రశ్నకు అతీతంగా ఉంచుకున్నాయి. నాణ్యత అనేది వ్యాసంలోనూ, దాన్ని పరిశీలించిన సమీక్షలోనూ ఉంటుంది అన్నారు, బాగుంది. కాని చిన్న శాఖలో పీర్ రివ్యూ అంటే ఏమిటి? సమీక్షకుడికి రచయిత పేరు కనబడకుండా పంపినా, నాలుగు వాక్యాలు చదవగానే ఎవరు రాశారో తెలిసిపోతుంది. స్నేహమూ, పాత కక్షా రెండూ ఆ కవరులోనే ప్రయాణిస్తాయి. జాబితా వేసిన సంఘం నలుగురైదుగురి గుంపు అని తప్పు పట్టినవాళ్లు, ఒక పత్రికను నడిపేదీ అంతమందే అన్న సంగతి ఒప్పుకుని ఉంటే వారి మాటకు ఇంకా బరువు వచ్చేది.

అయినా ఫలితం కనిపించింది. 2011 నాటికి ఎరిహ్ ఎ, బి, సి అక్షరాలను వదిలేసి, 'జాతీయ', 'అంతర్జాతీయ' అన్న మాటలు పెట్టింది. అయితే అంతర్జాతీయంలో మళ్లీ ఒకటి, రెండు అని విభజించింది. బోర్డులు మారాయి, బెంచీ, కుర్చీ, బాల్కనీ మూడూ అలాగే ఉన్నాయి. 2014లో ఆ జాబితా బాధ్యత నార్వేకు మారి, 'ఎరిహ్ ప్లస్' అయింది. ఇప్పుడందులో మెట్లు లేవు. సమీక్షా పద్ధతి ఉందా, సంపాదకవర్గం ఉందా లాంటి కనీస షరతులు తీరితే పత్రికకు చోటు దొరుకుతుంది. గడప ఉంది, అంతస్తులు లేవు. చిన్న శాఖకు ఈ తేడా ప్రాణప్రదం. గడపను ఎవరైనా దాటవచ్చు. అంతస్తుల లెక్కలో మాత్రం ఎవరో ఒకరు కింద ఉండి తీరాలి.

5. మరి రెండు దారులు

అంతస్తుల లెక్క ఎంత యాంత్రికంగా ఉండగలదో ఆస్ట్రేలియా చూపించింది. 2010లో అక్కడి ప్రభుత్వం పరిశోధన మదింపు కోసం 20 వేలకు పైగా పత్రికలకు ర్యాంకులు వేసింది. పైన 5 శాతానికి 'ఎ నక్షత్రం', తరవాతి 15 శాతానికి ఎ, ఆపై 30 శాతానికి బి, మిగిలిన సగానికి సి. ముందే శాతాలు నిర్ణయించారు కాబట్టి, అన్ని పత్రికలూ బాగున్నా సగం సి కావలసిందే. 2011 మే నెలాఖరులో మంత్రి కిమ్ కార్ ఆ ర్యాంకులను ఎత్తివేస్తున్నట్టు ప్రకటించాడు. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన వ్యవహారాలు చూసేవారు 'ఎ, ఎ నక్షత్రం పత్రికల్లోనే రాయాలి' అని అధ్యాపకులకు లక్ష్యాలు పెడుతున్నారన్నది ఆయన చెప్పిన కారణం. రెండేళ్ల ముందు చరిత్రకారులు జరుగుతుందని భయపడిందే అక్కడ జరిగింది. ర్యాంకు వేసిన ప్రభుత్వమే దాన్ని ఒప్పుకోవలసి వచ్చింది.

ఇంకో దారి, పోటీ ర్యాంకు వేయడం. అర్థశాస్త్రంలో ప్రధాన స్రవంతికి బయట ఉన్న చిన్న గుంపులు ఉన్నాయి: మార్క్సిస్టులు, కీన్స్ తరవాతి సంప్రదాయం వారు, సంస్థాగత అర్థశాస్త్రం వారు. మామూలు ర్యాంకుల్లో వారి పత్రికలు అట్టడుగున ఉంటాయి. ఫ్రెడరిక్ లీ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఆ పత్రికలకే విడిగా ర్యాంకులు వేసే పద్ధతి రూపొందించాడు. మా పత్రికలు ఒకదాన్నొకటి ఎంత ఉదాహరిస్తున్నాయో, మా శాఖను ఎంతగా నిలబెడుతున్నాయో చూసి తూచండి అన్నది దాని సారం. ఉద్యోగాలు ఊడుతున్న కాలంలో ఇది చేతికి దొరికిన ఆయుధం, తప్పు పట్టను. కాని మన కొలబద్ద తప్పు అని చెప్పడం ఒకటి, మాకు మా కొలబద్ద ఇవ్వండి అనడం వేరొకటి. రెండోది ఒప్పుకున్నాక, కొలవడమే తప్పని మళ్లీ అనలేం.

6. మన దగ్గర జరిగింది

భారతదేశంలో కథ వేరు. ఆ తేడా తెలియకుండా 2009 సంపాదకీయాన్ని ఇక్కడ చప్పట్లు కొట్టి చదివితే పొరపాటు పడతాం. యూరపు చరిత్రకారులకు దొంగ పత్రికల బెడద ఇంత లేదు. మనకు ఉంది.

అది ఎలా పెరిగిందో చూడండి. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ముందే ఒక వ్యాసం అచ్చు కావాలి. 2010 నిబంధనలతో అధ్యాపకుల పదోన్నతికి వ్యాసాలకు పాయింట్లు వచ్చాయి. దేశమంతటా వేలాది మందికి ఒక్కసారిగా అచ్చు అవసరం పడింది. అవసరం ఉన్నచోట అంగడి వెలుస్తుంది. డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిని అరికట్టడానికి యూజీసీ 2017లో ఆమోదిత పత్రికల జాబితా ప్రకటించింది. అందులో 30 వేలకు పైగా పేర్లు చేరాయి. 2018 మేలో 4,305 పేర్లను తీసివేశారు. అదే ఏడు 'కరెంట్ సైన్స్'లో వచ్చిన ఒక అధ్యయనం, విశ్వవిద్యాలయాల సిఫారసుతో చేరిన పత్రికల నమూనాలో 88 శాతానికి పైగా ప్రమాణాలకు తూగనివని తేల్చింది. సిఫారసు చేసింది మన విశ్వవిద్యాలయాలే అన్న మాట మరిచిపోకండి. 2019లో పుణే విశ్వవిద్యాలయంలోని కేంద్రం ఆధ్వర్యంలో 'కేర్' జాబితా వచ్చింది. భారతీయ భాషల పత్రికలకూ అందులో చోటు పెట్టారు.

తెలుగు శాఖలు దీనికి ఎలా స్పందించాయి? వద్దనలేదు, పోటీ కొలత తయారు చేయలేదు. లోపల చోటు కోసం వరుసలో నిలబడ్డాయి. అప్పటిదాకా కథలు, కవితలు, పుస్తక సమీక్షలతో నడిచిన పత్రికలు అట్ట మీద ఐఎస్ఎస్ఎన్ నంబరు వేసుకుని, సలహామండలి పేర్లు అచ్చు వేసుకుని పరిశోధన పత్రికలయ్యాయి. ఒక సదస్సులో చదివిన పత్రాలన్నీ, బాగున్నవీ బాగులేనివీ, ఒకే లావాటి ప్రత్యేక సంచికగా రావడం మామూలైంది. జాబితాలో ఉన్న అచ్చు పత్రికల పేరు మీద, వాటికి సంబంధం లేనివాళ్లు నకిలీ వెబ్‌సైట్లు తెరిచి వ్యాసాలు, డబ్బు తీసుకోవడం కూడా జరిగింది. కేర్ నిర్వాహకులే అలాంటి నకిలీల గురించి హెచ్చరికలు ఇవ్వవలసి వచ్చింది. సొంత వెబ్‌సైటు లేని చిన్న పత్రికే ఇలాంటి దొంగకు సులువుగా దొరుకుతుంది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక ఎంపిక సంఘంలో కూర్చున్నాను. అభ్యర్థుల వ్యాసాలు బల్ల మీద కట్టలుగా ఉన్నాయి. గుమస్తా పత్రిక పేరు చదవడం, ఒక సభ్యుడు జాబితాలో వెతకడం, ఉంటే టిక్కు, లేకపోతే సున్నా. ఒక అభ్యర్థి తన మండలంలోని గుడి శాసనాల మీద రాసిన వ్యాసం ఒక స్థానిక చరిత్ర సంచికలో వచ్చింది. శాసన పాఠం తానే నకలు తీసుకుని, పాత పాఠంలోని రెండు తప్పులు దిద్దాడు. దానికి సున్నా పడింది. పక్క అభ్యర్థి 'శ్రీశ్రీ కవిత్వంలో అభ్యుదయం' అని ఎనిమిది పేజీలు రాశాడు. అందులో కొత్త మాట నాకు ఒక్కటీ కనబడలేదు. పూర్తి మార్కులు పడ్డాయి. తెరిచి చూద్దామని నేను అన్నప్పుడు, టైము లేదండీ, రూలు ఒప్పుకోదండీ అన్నారు. ఆ గదిలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. జాబితా ఉంది కాబట్టి చదవనక్కర్లేదు అన్న ధీమా మాత్రం అందరికీ ఉంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో స్థాపించిన 'భారతి'ని ఇక్కడ తలుచుకోవాలి. 1991 దాకా నడిచింది. కథ పక్కనే శాసన చర్చ, పద్యం పక్కనే భాషాచరిత్ర. నేటి నిబంధనల ప్రకారం అది పరిశోధన పత్రిక కాదు. కాని తెలుగు సాహిత్య చరిత్ర మీద పనిచేసేవాళ్లు పాత 'భారతి' సంచికలు తిరగేయకుండా ఉండలేరు. అందులో వచ్చిందంతా బంగారమని నేను అనను. కాలక్షేపం రాతలూ ఉన్నాయి. ఏది గట్టిదో పాఠకులే తేల్చుకునేవారు. తరవాతి సంచికల్లో ఖండనలు రాసి తేల్చుకునేవారు. ఆ ఖండనలే ఆనాటి పీర్ రివ్యూ. అది కూడా బహిరంగంగా, పేరు పెట్టి.

అయితే జాబితా పక్షాన ఒక బలమైన మాట ఉంది. దాన్ని దాటవేయకూడదు. చిన్న శాఖలో అందరికీ అందరూ తెలుసు. 'చదివి నిర్ణయించండి' అంటే, ఎవరి శిష్యుడు, ఏ ఊరివాడు, ఏ కులంవాడు అన్నవి తలుపు చాటు నుంచి లోపలికి వస్తాయి. పెద్దల అండ లేని మారుమూల కాలేజీ అధ్యాపకుడికి జాబితా ఒక రకం రక్షణ. టిక్కు పడిందంటే ఎవరూ కాదనలేరు. ర్యాంకులను విమర్శించే ప్రొఫెసర్లలో చాలామంది అలాంటి రక్షణ అవసరం లేని స్థానాల్లో ఉన్నవాళ్లే. 2009 సంపాదకీయంలో ఈ కోణం అసలు కనిపించదు.

ఇప్పుడు పరిస్థితి మళ్లీ మారింది. పిహెచ్.డి.కి ముందు వ్యాసం తప్పనిసరి అన్న నిబంధన 2022లో పోయింది. 2024 అక్టోబరులో తీసుకున్న నిర్ణయం మేరకు కేర్ జాబితాను ఆపేస్తున్నట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. కొన్ని సూచనలు ఇచ్చి, పత్రికలను ఎంచుకునే పని విద్యాసంస్థలకే వదిలింది. విశ్వవిద్యాలయాలు తొందరపడి ఎవరికి వారు కొత్త జాబితాలు రాసుకుంటే, 2017కు ముందు అడుగు వేసినట్టే. తెలుగు శాఖలు చేయగల పని మరొకటి ఉంది. అభ్యర్థిని తన రచనల్లో మూడింటిని ఎంచుకోమనాలి. వ్యాసమైనా, పరిష్కరణ అయినా, పదకోశమైనా, శాసన పాఠమైనా సరే. ఒక్కోదాన్ని బయటి విశ్వవిద్యాలయం వాళ్లు ఇద్దరు చదివి, అందులో కొత్తది ఏమిటి, ఆధారం ఏమిటి, తప్పు ఎక్కడ ఉందో చెరో పేజీ రాయాలి. కింద సంతకం ఉండాలి. ఆ పేజీని అభ్యర్థికి చూపించాలి, అతడు జవాబు రాస్తే దాన్ని కూడా దస్త్రంలో ఉంచాలి. పక్షపాతం దీనితో పోతుందని చెప్పలేను. కాని సంతకం పెట్టి రాసిన పక్షపాతాన్ని వేలెత్తి చూపవచ్చు. జాబితాలో లేదన్న సున్నాకు ఎదురు చెప్పే వీలే లేదు. మూడు రచనలు చదవడానికి ఒక పండితుడికి పట్టేది రెండు రోజులు. ఆ రెండు రోజుల భత్యం ఎవరు ఇస్తారన్నది ప్రతి శాఖా తన పాలకమండలి ముందు పెట్టవలసిన మొదటి ప్రశ్న.